‘ఏం పనీ లేదండీ’ అనగానే రాసేసుకోకండి: జనాభా లెక్కలకు వెళ్లే మాస్టార్లకూ మేడమ్‌లకూ బహిరంగ లేఖ

తోటి మాస్టార్లకు, మేడమ్‌లకు, ఈసారి ఎన్యూమరేటర్ డ్యూటీ పడబోతున్న అందరికీ నమస్కారం.

2027 ఫిబ్రవరిలో మళ్లీ మనం ఇంటింటికీ తిరగాలి. పదేళ్లకోసారి రావాల్సిన డ్యూటీ ఈసారి పదహారేళ్లకు వస్తోంది కాబట్టి మీలో చాలామందికి ఇదే మొదటిసారి. నేను 2011లో చేశాను. ఈసారి కాగితాలు లేవు, ఫోన్‌లో యాప్ అంటున్నారు, కులం కూడా రాయాలి, ట్రైనింగ్‌లో ఎక్కువసేపు దాని గురించే చెబుతారు, మన వాట్సాప్ గ్రూపుల్లో గొడవ కూడా దాని మీదే నడుస్తుంది. నేను రాస్తున్నది అంతకంటే చిన్న విషయం. ఇంట్లో ఆడమనిషి పేరు దగ్గర ‘పని’ అన్న చోట మీరు ఏం నొక్కుతారు అన్నది. ఎందుకంటే 2011లో నేను అక్కడ తప్పు రాశాను. ఒక పేరు దగ్గర కాదు, ఒక వీధి మొత్తం.

మాది నర్సాపురం నుంచి మొగల్తూరు వెళ్లే దారిలో ఓ ఊరు. నా బ్లాకులో మా పుట్టింటి వీధి కూడా పడింది. తెలిసిన ఇళ్లే కదా, త్వరగా తేలిపోతాయని సంబరపడ్డాను, నిజంగానే త్వరగా తేలిపోయాయి. అరుగు మీద కూర్చోగానే మంచినీళ్లు, కాఫీ, ‘మన టీచరమ్మ వచ్చింది’ అని మర్యాద. ఇంటాయన పేర్లు చెబుతూ పోతాడు, నేను గడి గీతలకు తగలకుండా అంకెలు వేస్తూ పోతాను, గీతకు తగిలితే మిషను చదవదని ట్రైనింగ్‌లో పదిసార్లు చెప్పారు మరి. ‘గత ఏడాదిలో ఎప్పుడైనా పని చేశారా’ అన్న ప్రశ్న ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘ఆవిడకేం పనండీ, ఇంట్లోనే’ అని ఆయనే అనేవాడు. లోపలి నుంచి ఆవిడ కూడా ‘ఆయ్, ఏం పనీ లేదండీ, ఖాళీయే’ అనేది. ‘లేదు’ అని రాసి, ఇంటిపని కోడ్ వేసి, తర్వాతి పేరులోకి వెళ్లిపోయేదాన్ని.

అలా అన్నవాళ్లలో చాలామంది చేతుల్లో ఆ నిమిషాన కూడా లేసు ఉంది.

మా అమ్మ దగ్గరైతే ఆ ప్రశ్న అడగను కూడా లేదు. నాన్న పడక్కుర్చీలో ఉన్నాడు, ‘మీ అమ్మ సంగతి నీకు తెలిసిందేగా’ అన్నాడు, తెలిసిందే కదా అని రాసేశాను. నాకు తెలిసింది ఏమిటంటే, ఆవిడ తొమ్మిదో ఏట కొక్కెం సూది పట్టింది. దారం ఉండ దొర్లి మట్టి కాకుండా పాత బోర్న్‌విటా డబ్బాలో వేసుకుని, మూతకు పెట్టిన చిల్లులోంచి దారం లాగుతూ అల్లేది. తెల్లదారానికి చెమట మరక అంటితే ఏజెంటు పక్కన పడేస్తాడని ఎండాకాలం వేళ్లకు పౌడరు రాసుకునేది. కూర పొయ్యి మీద పెట్టి అల్లేది, మమ్మల్ని చదివిస్తూ అల్లేది, కరెంటు పోతే చూడకుండానే అల్లేది, దారం రాసుకుని రాసుకుని చూపుడు వేలి పక్కన ఓ గాడి పడిపోయింది, చిన్నప్పుడు నేను దాని మీద గోరు పెట్టి ఆడుకునేదాన్ని. నా టీటీసీ ఫీజు ఆ గాడిలోంచి వచ్చిందే. ఆ టీటీసీతోనే 98 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగం వల్లే నాకు ఎన్యూమరేటర్ డ్యూటీ పడింది, ఆ డ్యూటీలో నేను మా అమ్మ పేరు ఎదురుగా ‘పని చేయదు’ అని రాసి సంతకం పెట్టుకుని వచ్చాను.

తెలియనివాళ్ల కోసం ఈ పని ఎలా నడుస్తుందో కాస్త చెబుతాను. ఏజెంటు దారం ఇస్తాడు, డిజైను చెబుతాడు. అల్లినదానికి ఉండకింత అనో పీసుకింత అనో ఇస్తాడు. ఒకావిడ పువ్వులే అల్లుతుంది, ఇంకో వీధిలో ఇంకొకావిడ వాటిని కలుపుతుంది, దాన్ని మావైపు అతుకుపని అంటారు. ఆ తర్వాత ఉతుకు, గంజి, ఇస్త్రీ అన్నీ షావుకార్ల షెడ్లలో. టేబుల్ క్లాత్‌లు, కుషన్ కవర్లు, బెడ్ స్ప్రెడ్‌లు అయ్యి ఓడలెక్కి పోతాయి. మొత్తం బెడ్ స్ప్రెడ్ ఎలా ఉంటుందో పువ్వులు అల్లినావిడ చూడదు. గంటకు ఎంత పడిందో ఎవరూ లెక్కేయరు, వేస్తే ఉపాధి హామీ కూలి దరిదాపుల్లోకి కూడా రాదని అందరికీ తెలుసు. వెయ్యకపోవడానికి కారణం ఒకటుంది, ‘తీరిక వేళల్లో చేసుకునే పని’ కదా అంటారు. టీవీ చూస్తూ చేసుకుంటారు, కబుర్లు చెప్పుకుంటూ చేసుకుంటారు, దానికి కూలి ఏమిటి అన్నట్టు. మన ఫారంలో ‘ఇంటిపని’ అని పడటం, అక్కడ కూలి తక్కువ ఉండటం, ఈ రెండూ వేర్వేరు సంగతులని నేను చాలాకాలం అనుకున్నాను.

కావని మాకు చెప్పింది బయటి మనిషి. మరియా మీస్ అని జర్మనీకి చెందిన సామాజికవేత్త, 1970ల చివర్లో నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, మా లేసు ఆడవాళ్ల మీద 1982లో ఏకంగా పుస్తకమే వేసింది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న మనుషుల్ని ‘ఊరికే ఇంట్లో ఉండే గృహిణులు’ అనుకోవడం వల్లే ఆ సరుకు అంత చవగ్గా దొరుకుతోందని ఆవిడ వాదన. పరాయి దేశాల్లో ఆడవాళ్ల శ్రమ గురించి చదువుకునే పిల్లలకు నర్సాపురం పేరు తెలుసట. మా బళ్లో పిల్లలకు తెలియదు. పుస్తకం వచ్చాక దాదాపు ముప్ఫై ఏళ్లకు నేను అదే వీధుల్లో తిరిగి అదే తప్పు రాశాను, అదీ ఆ వీధిలో పుట్టినదాన్ని.

అసలు ఈ సూది కూడా మనది కాదు. 1844 ప్రాంతంలో మిషనరీ దొరసానులు నేర్పారని మావైపు చెప్పుకుంటారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవం తీసుకున్న పేద ఇళ్ల ఆడవాళ్లు, తర్వాత తర్వాత కాపు ఇళ్లలోకీ వచ్చింది, ఎందుకంటే ఆడవాళ్లు పొలం పనికి వెళ్లడం నామోషీ అనుకునే ఇళ్లలో గుమ్మం దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పని ఇదొక్కటే. విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ 1840లలోనే ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి జనం ఆకలికి చచ్చిపోతుంటే, అక్కడి కాన్వెంట్లలో నన్‌లూ, చర్చి పెద్దల భార్యలూ పేద ఆడవాళ్లకు క్రోషె అల్లిక నేర్పారు. క్లోన్స్ అని ఓ ఊరుంది అక్కడ, 1847లో మొదలైన ఆ అల్లికకు ఇప్పటికీ ఆ ఊరి పేరే. ఆ అల్లిక డబ్బుతో అద్దెలు కట్టుకున్నారు, ఓడ టిక్కెట్లు కొనుక్కుని అమెరికా వెళ్లిపోయారు. ఒకే పదేళ్లలో అటు కరువులో ఉన్న ఐరిష్ ఆడపిల్ల చేతికీ, ఇటు గోదావరి ఒడ్డున ఆడపిల్ల చేతికీ అదే కొక్కెం సూది వచ్చింది. అక్కడ దాన్ని కరువు గట్టెక్కించిన పని అని చరిత్రలో రాసుకున్నారు. మావైపు దానికి ‘ఖాళీ’ అని పేరు.

ఈ మధ్య, 2024లో, నర్సాపురం క్రోషె లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. సంతోషం, నిజంగానే. మిషను లేసు చైనా నుంచి వచ్చి పడుతున్నప్పుడు చేతి అల్లికకు ఓ గుర్తు ఉండాలి. కానీ గమనించండి, ఊరికి గుర్తింపు వచ్చింది, సరుక్కి వచ్చింది. అల్లిన మనిషి మాత్రం సర్కారు లెక్కలో ఇంకా పని లేనిదే.

‘రాస్తే ఏమొస్తుంది మేడమ్, కూలి పెరుగుతుందా’ అని ఓ మాస్టారు నన్ను అడిగారు. పెరగదు. నేను అబద్ధం చెప్పను. కానీ ఒకసారి గోదావరికే పై వైపు చూడండి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు. అక్కడ ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, జర్దా పోసి, రోజుకు వెయ్యి బీడీలు చుడతారు. అదీ ఇంట్లో కూర్చుని చేసే పనే, అదీ పీసుకింత అనే కూలే, నడుం నొప్పి మా అమ్మకంటే వాళ్లకే ఎక్కువ. తేడా ఒకటే. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా కార్మికులనే అంది. దాని వెనకాల గుర్తింపు కార్డు వచ్చింది, కొందరికి పీఎఫ్ నంబరు వచ్చింది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను ఇవ్వాలనుకున్నప్పుడు సర్కారు ఏం చేసింది? పీఎఫ్ జాబితా తీసింది. 2019లో అది 2,016 అయింది. జాబితాలో పేరు ఉన్నావిడకు వచ్చింది, 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ లేనావిడ అదే అరుగు మీద కూర్చుని అదే వెయ్యి బీడీలు చుట్టినా ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. రేపు ఏ ప్రభుత్వమైనా లేసు వాళ్లకు కళ్లజోళ్లు ఇద్దామన్నా, బీమా ఇద్దామన్నా, పింఛను ఇద్దామన్నా మొదటి ప్రశ్న ‘ఎంతమంది ఉన్నారు’ అనే. అప్పుడు మనం రాసిన లెక్కే తీస్తారు. అందులో ఎవరూ ఉండరు.

ఇక్కడ ఒకటి విడదీసి చెప్పాలి, లేకపోతే కలిసిపోతుంది. వంట, అంట్లు, పిల్లలు, మంచాన పడ్డ మామగారు, ఇవీ పనే. కేంద్రం చేయించిన 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లకు దానికి రోజుకు 289 నిమిషాలు పడుతోందని, మగవాళ్లకు 88 అని తేలింది. (ఆ 88 ఎవరింట్లోనో చూడాలని ఉంది.) 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో నూటికి తొంభై మంది ఆడవాళ్లు ఇంటిపనీ ఆఫీసు పనీ అన్నీ ఆపేసి రోడ్డెక్కారు, ఆ రోజు మగవాళ్లు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకు వెళ్లారట. మన సుప్రీంకోర్టు కూడా 2010లో ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసులో జనాభా లెక్కలనే తప్పుబట్టింది, 2001 లెక్కల్లో దాదాపు 36 కోట్ల మంది ఆడవాళ్లను పని లేనివాళ్ల కింద, బిచ్చగాళ్లతోనూ ఖైదీలతోనూ కలిపి ఒకే గంపలో వేశారని. అది పెద్ద పోరాటం, మీ చేతిలో ఉన్న యాప్‌తో అది తేలదు. నేను అడుగుతున్నది అంత పెద్దది కాదు. డబ్బు వచ్చే పని చేస్తున్న మనిషిని పని చేస్తున్న మనిషి అని రాయమంటున్నాను. దానికి కొత్త రూల్ అక్కర్లేదు. 2011 ఫారంలోనే ‘గృహ పరిశ్రమ’ అని గడి ఉంది, పార్ట్ టైమ్ పనీ, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చేసే సాయమూ పనిలోకే వస్తాయని కూడా ఉంది. చదువుకున్నాను, పరీక్ష పెడితే రాసేదాన్ని కూడా. అరుగు మీద కాఫీ తాగుతూ మాత్రం గుర్తు రాలేదు.

కాబట్టి అడిగే పద్ధతి గురించి చెబుతాను, 2011 తర్వాత మా ఊళ్లో నాకు నేనుగా ప్రయత్నించి చూసిన పద్ధతే ఇది. ‘మీరేం పని చేస్తారు’ అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే, ‘ఏం లేదండీ’. పని అంటే మావైపు ఉద్యోగమో, కూలో. ‘ఏం ఉద్యోగం’ అని అసలు అడగొద్దు. ‘పొద్దున్న లేచింది మొదలు ఏమేం చేశావమ్మా నిన్న’ అని అడిగి చూడండి. ‘ఏముందండీ, పాలు పితికాను, కేంద్రానికి పోశాను, వంట, తర్వాత కాసేపు అల్లుకున్నాను, సాయంత్రం రెండు చీరలకి ఫాల్ కుట్టాను’ అని వస్తుంది. ఇందులో మూడు పనులున్నాయి. ‘నీ చేతి మీదుగా ఏడాదిలో దేనికన్నా డబ్బులొచ్చాయా’ అంటే ఇంకా వస్తాయి. పచ్చళ్లు, జడకుచ్చులు, ఎండుచేపలు, కొబ్బరి ఈనెల చీపుర్లు. ‘ఎన్నాళ్లు’ అంటే ‘ఎప్పుడూనండీ’ అంటుంది, అప్పుడు మాత్రం కాస్త ఓపిగ్గా వానాకాలం ఆర్డర్లు లేని నెలలు తీసేసి లెక్కేయండి, ఆరు నెలలు దాటుతుందా లేదా అని, ఎందుకంటే 2011లో ప్రధాన పనివాళ్లకూ తక్కువకాలం పనివాళ్లకూ మధ్య గీత ఆరు నెలల దగ్గరే గీశారు. ఈసారి ప్రశ్న మాటలు కాస్త మారినా అడిగే తీరు ఇదే.

ఇంకోటి, ఆవిడనే అడగండి. ఇంటాయన దుర్మార్గుడని కాదు, మా నాన్నా దుర్మార్గుడు కాదు. ‘మా ఆవిడకి పని చెయ్యాల్సిన ఖర్మేం పట్టలేదు’ అని చెప్పుకోవడం ఆయనకు పరువు. ఆ పరువు కింద ఆవిడ అల్లిన డబ్బుతో కొన్న గ్యాస్ బండ ఉంటుంది. ఆయన చెబుతుంటే ఆవిడ కాదనదు, అదీ మనకు తెలుసు. ‘బాబాయ్, కాస్త పిన్నితో మాట్లాడాలి’ అని లోపలికి వెళ్లడం మనలాంటి వాళ్లకు కష్టం కాదు, లోపలికి రానిస్తారు. మగ మాస్టార్లకు కొంచెం ఇబ్బందే, ఒప్పుకుంటాను, అప్పుడు ఆవిడను గుమ్మం దాకా పిలిపించండి, అంతే.

భయం కూడా ఒకటుంది. ‘పని చేస్తున్నానని రాస్తే రేషన్ కార్డు పోద్దేమోనండీ’, ‘పింఛను ఆపేస్తారంట కదండీ’. దీన్ని కొట్టిపారేయకండి, నిజంగానే ఏదో సర్వేలో ఏదో చెప్పి ఏదో పోగొట్టుకున్న వాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. వాళ్లకు చెప్పాల్సింది మీరే. 1948 జనగణన చట్టం ప్రకారం మనిషి మనిషికీ రాసుకున్న వివరాలు ఎవరికీ చూపించరు, కోర్టులో కూడా సాక్ష్యంగా పనికిరావు, లెక్కలు మొత్తంగానే బయటికి వస్తాయి. అమ్మ పేరుతో కార్డు కొట్టేసే జాబితా ఇది కాదు. ఈ మాట మొదట చెప్పి, తర్వాత ప్రశ్నలోకి వెళ్లండి. ఒక్క నిమిషం పడుతుంది. నూట యాభై ఇళ్లకు నూట యాభై నిమిషాలు, తెలుసు, పైగా సిగ్నల్ రాదు, యాప్ తిరుగుతూ ఉంటుంది, సూపర్‌వైజర్ ‘ఎన్నయ్యాయి’ అని మధ్యాహ్నం నుంచి ఫోన్లు. మన బాధ మనది.

మా అమ్మకు ఇప్పుడు డెబ్భై మూడు. 1971, 81, 91, 2001, 2011, ఐదు లెక్కలు ఆవిడ సూది పట్టుకుని ఉండగానే వచ్చి వెళ్లాయి, ఐదోది రాసింది నేను. మొదటి నాలుగు ఎవరు రాశారో, ఏం రాశారో నాకు తెలియదుగానీ ఊహించగలను. 2021లో రావాల్సింది కరోనా వల్ల రాలేదు, అప్పటికి కూడా అల్లుతూనే ఉంది. మరుసటి ఏడు శుక్లం ఆపరేషన్ అయ్యాక సన్న దారం కనిపించక మానేసింది. ఇప్పుడు మీరు వెళ్లి అడిగితే ‘ఏం పనీ లేదండీ’ అన్నది మొదటిసారి నిజం అవుతుంది. ఆవిడ పేరు దగ్గర అలాగే రాయండి.

మా వదిన మాత్రం ఉంది. అదే ఇల్లు, రామాలయం దాటాక ఎడమవైపు, అరుగు మీద నీలం ప్లాస్టిక్ కుర్చీ. పక్కన అమ్మ బోర్న్‌విటా డబ్బానే ఉంటుంది, మూత మారింది. ఆవిడ మీకు కాఫీ ఇస్తుంది, మా అన్నయ్య పేర్లు చెబుతాడు, వదిన ‘నాకేం పనండీ’ అని నవ్వుతుంది. ఇంకోసారి అడగండి.

ఇట్లు,
2011లో మీ ఉద్యోగమే చేసిన ఒక టీచరు
పశ్చిమ గోదావరి జిల్లా